బియ్యం ఎందుకు తగ్గాయి? పేరు ఎందుకు పోయింది? గోదావరి డెల్టా కార్డుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల మొదటి వారంలో మా ఊరి గ్రంథాలయం అరుగు మీద కూర్చుని అర్జీలు రాసిపెట్టడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. కొబ్బరికాయలు వలిచేవాళ్లు, కౌలు రైతులు, రొయ్యల షెడ్లకు వెళ్లే ఆడవాళ్లు, ఇటుక బట్టీల నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు వస్తుంటారు. ఊళ్లు వేరైనా సందేహాలు అవే. బియ్యం తగ్గాయి, పేరు పోయింది, పప్పు రావడం లేదు, ఎవరిని అడగాలి?

ఆహార సాయంలో కోత పడినప్పుడు ఎవరూ దండోరా వేయించరు. ఒక నెల అది తూకంలో కనిపిస్తుంది, ఇంకో నెల జాబితాలో కనిపిస్తుంది. ఆ కోత ఢిల్లీలో పడిందా, అమరావతిలో పడిందా, మన వీధి దుకాణంలో పడిందా అన్నది తెలిస్తేనే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. ఈ జవాబులు అందుకోసం రాసినవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ఒకటి అర్థం కావడానికి ఇంకొకటి చదవనక్కర్లేదు.

## కోత పడిందని విన్నప్పుడు

కరోనా రోజుల్లో తలకు పది కిలోలు వచ్చేవి. ఇప్పుడు ఐదే ఇస్తున్నారు. మిగతా ఐదు డీలరు మింగేస్తున్నాడా?

లేదు. ఈ కోత ఢిల్లీలో పడింది. 2020 ఏప్రిల్ నుంచి ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ అన్న యోజన పేరుతో కేంద్రం మామూలు కోటాకు అదనంగా మనిషికి ఐదు కిలోలు ఉచితంగా ఇచ్చింది. 2022 డిసెంబరుతో ఆ అదనం ఆగిపోయింది. 2023 జనవరి నుంచి పథకం పేరు అలాగే ఉంచి, మామూలు ఐదు కిలోలనే ఉచితం చేశారు. పేరు మారలేదు కాబట్టి చాలామందికి మార్పు తెలియలేదు. నెల గడిచి బియ్యం డబ్బా అడుగు కనిపించినప్పుడే తెలిసింది.

లెక్క వేసి చూడండి. మన రాష్ట్రంలో అప్పటికే కిలో ఒక్క రూపాయి. నలుగురున్న ఇంటికి ఇరవై కిలోలు ఉచితం కావడం వల్ల నెలకు మిగిలింది ఇరవై రూపాయలు. అదే ఇంటికి ఆగిపోయింది ఇరవై కిలోల బియ్యం. బజారులో కిలో 45 రూపాయలు అనుకున్నా అది 900 రూపాయలు. ఉచితం అన్న మాటకు చప్పట్లు కొట్టినవాళ్లు ఈ రెండో అంకెను ఎక్కడా చెప్పలేదు.

ఉన్న ఐదు కిలోలు కూడా ఎత్తేస్తారా?

రాత్రికి రాత్రి ఎత్తేయలేరు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం మూడో సెక్షన్‌లో మనిషికి నెలకు ఐదు కిలోలు, అంత్యోదయ (అతి నిరుపేద) కుటుంబానికి 35 కిలోలు అని రాసి ఉంది. ఆ పరిమాణం తగ్గించాలంటే పార్లమెంటులో చట్టాన్ని సవరించాలి. ధర సంగతి అలా కాదు. కిలో బియ్యం మూడు రూపాయలు అన్నది చట్టం చివర ఉన్న షెడ్యూలులో ఉంది. దాన్ని కేంద్రం ఒక ప్రకటనతో మార్చగలదు. ఇప్పుడున్న ఉచితం 2024 జనవరి 1 నుంచి ఐదేళ్లకు ప్రకటించినది, అంటే 2028 చివరి దాకా. ఆ తర్వాత మారే అవకాశం ఉన్నది ముందుగా ధర. కిలోలకు చట్టం కాపలా ఉంది. ఉచితానికి కేవలం మంత్రివర్గ నిర్ణయమే ఆధారం.

బడ్జెట్‌లో ఆహార సబ్సిడీ భారీగా తగ్గించారని పత్రికలో చదివాను. మా కోటా మీద దెబ్బ పడుతుందా?

2022-23లో ఆహార సబ్సిడీ ఖర్చు సుమారు 2.73 లక్షల కోట్ల రూపాయలు. 2023-24 బడ్జెట్‌లో 1.97 లక్షల కోట్లు పెట్టారు. ఈ తగ్గుదలకు ముఖ్య కారణం అదనపు ఐదు కిలోలు ఆపేయడమే. 2020-21లో 5.41 లక్షల కోట్లు కదా అని కొందరు పోలుస్తారు. ఆ అంకెలో భారత ఆహార సంస్థ పాత అప్పులు తీర్చిన మొత్తం కూడా కలిసి ఉంది, కాబట్టి దాన్ని అలాగే పోల్చి చూడడం సరికాదు.

చట్టప్రకారం వచ్చే ఐదు కిలోలు బడ్జెట్ అంకె తగ్గినంత మాత్రాన తగ్గవు. అయితే గమనించవలసింది ఇంకొకటి ఉంది. 2025-26లో కేటాయింపు 2.03 లక్షల కోట్లు. కొని, నిల్వ చేసి, మన దుకాణం దాకా తేవడానికి ఆహార సంస్థకు కిలో బియ్యానికి సుమారు 40 రూపాయలు ఖర్చవుతోంది, అది ఏటా పెరుగుతోంది. ఖర్చు పెరుగుతూ కేటాయింపు అక్కడే ఉంటే కొత్తవారిని చేర్చుకోవడానికి చోటుండదు. కోత అప్పుడు ఉన్న కార్డుల మీద కనిపించదు, రావలసిన కార్డు రాని ఇంట్లో కనిపిస్తుంది.

మాది "రాష్ట్రం కార్డు", పక్కింటివాళ్లది "కేంద్రం కార్డు" అని డీలరు అన్నాడు. రెండూ ఒకేలా ఉన్నాయి కదా, తేడా ఏమిటి?

చాలామందికి తెలియని విషయం ఇదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆహార భద్రత చట్టం దేశం మొత్తం మీద గ్రామాల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు వర్తిస్తుంది. రాష్ట్రాలవారీగా పంచేటప్పుడు మనకు వచ్చిన వాటా గ్రామాల్లో 60.96 శాతం, పట్టణాల్లో 41.14 శాతం. ఆ లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2.68 కోట్ల మంది బియ్యం భారం కేంద్రానిది. రాష్ట్రంలో మొత్తం కార్డులు సుమారు 1.46 కోట్లు. కేంద్రం లెక్కలోకి రాని కార్డులకు రాష్ట్ర ప్రభుత్వమే సొంత ఖజానా నుంచి బియ్యం కొని ఇస్తోంది.

దుకాణంలో తూకం ఒకటే, సంచి ఒకటే. తేడా కోత పడే రోజున బయటపడుతుంది. 2022లో కేంద్రం అదనపు బియ్యాన్ని పొడిగించినప్పుడు మన రాష్ట్రంలో అది కేంద్ర పరిధి కార్డులకే అందింది. ఒకే వీధిలో, ఒకే పనికి వెళ్లే రెండు ఇళ్లలో ఒకరికి వచ్చాయి, ఇంకొకరికి రాలేదు. పేదరికంలో తేడా లేదు, ఖాతాలోనే తేడా. రాష్ట్రం ఇచ్చే కార్డుకు కేంద్ర చట్టం రక్షణ లేదు. రాష్ట్ర బడ్జెట్ బిగిస్తే ముందు తగిలేది దానికే.

ఇంకో మెలిక కూడా ఉంది. కేంద్రం ఈ సంఖ్యను 2011 జనాభా లెక్కల మీద నిలబెట్టింది. ఆ తర్వాత పుట్టినవాళ్లు, వేరు కాపురాలు పెట్టినవాళ్లు అందులో లేరు. ఈ పాత లెక్క వల్ల దేశంలో పది కోట్ల మందికి పైగా చట్టానికి బయట ఉండిపోయారని జాన్ డ్రేజ్, రీతికా ఖేరా వంటి ఆర్థికవేత్తలు 2020లోనే అంచనా వేశారు. తర్వాతి జనగణన 2027కు పెట్టారు. మీ కార్డు ఏ ఖాతాలో ఉందో గ్రామ, వార్డు సచివాలయంలో అడిగి రాసిపెట్టుకోండి.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలికి తలకు ఆరు కిలోలు ఇస్తున్నారు. మాకు ఐదెందుకు?

కేంద్రం ఇచ్చేది రెండు చోట్లా ఐదే. ఆరో కిలో తెలంగాణ ప్రభుత్వం తన డబ్బుతో కలుపుతోంది. అక్కడ 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం ఇవ్వడం కూడా ఆ రాష్ట్ర నిర్ణయమే. మనకూ కావాలంటే అడగవలసింది మన శాసనసభ్యులను, ఢిల్లీని కాదు.

అమెరికాలో పేదలకు ఇచ్చే ఫుడ్ స్టాంపులు తగ్గించేశారని మా మేనల్లుడు చెప్పాడు. అది చూసి ఇక్కడా తగ్గిస్తారా?

మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అక్కడ సుమారు 4.2 కోట్ల మంది ఆ సాయం మీద ఆధారపడ్డారు. 2025 జులై 4న సంతకమైన చట్టం వల్ల పదేళ్లలో దాని మీద పెట్టే ఖర్చు 18 వేల కోట్ల డాలర్లకు పైగా తగ్గుతుందని అక్కడి పార్లమెంటు బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది. పని చేస్తున్నట్టు రుజువు చూపాలన్న షరతును 64 ఏళ్ల వయసు దాకా పెంచారు. ఖర్చులో కొంత రాష్ట్రాల నెత్తిన పెట్టారు.

అది చూసి ఇక్కడ మార్చరు. అక్కడ ఇచ్చేది సరుకులు కొనుక్కునే కార్డులో డబ్బు, ఇక్కడ బియ్యమే. కానీ పద్ధతిలో పోలిక ఉంది. రుజువులు పెంచడం, భారాన్ని రాష్ట్రాలకు జరపడం అనే రెండు దారులు ఇక్కడా వాడుకలో ఉన్నవే.

ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం రోజుల్లో ఈ కోతలు లేవు కదా?

మా నాన్న తరం ఆ బియ్యాన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. 1983లో కిలో రెండు రూపాయలతో మొదలైంది. కూలి డబ్బులతో పూటకు నూకలు కొనుక్కునే ఇళ్లలో మొదటిసారి నెలకు సరిపడా బియ్యం నిలవ ఉన్నాయి. అయితే కోతలు అప్పటి నుంచే ఉన్నాయి. 1996లో ధర మూడున్నర రూపాయలైంది, తర్వాత ఐదు దాటింది. 2008లో మళ్లీ రెండుకు దించారు. 2011లో రూపాయి చేశారు. ఎన్నికలు దగ్గరపడితే ధర దిగడం, ఖజానా బిగిస్తే ఎక్కడం మనం చూస్తూనే ఉన్నాం.

సరుకుల సంగతి ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఒక సంచిలో ఇచ్చారు. పప్పు, నూనె, చింతపండు, కారం, పసుపు కూడా ఉండేవి. ఏడాది తిరిగేసరికి ఆ సంచి పోయింది. 2017లో కేంద్రం పంచదార సబ్సిడీని అంత్యోదయ కుటుంబాలకే పరిమితం చేసింది. కిరోసిన్ అంచెలంచెలుగా మాయమైంది. ఒక్కోటి పోయినప్పుడు చిన్న విషయంగానే కనిపించింది. ఇప్పుడు దుకాణానికి తీసుకెళ్లే సంచిలో బియ్యం తప్ప నమ్మకంగా వచ్చేది ఏదీ లేదు.

## దుకాణం దగ్గర

ఇంటికి వచ్చే బండి ఆగిపోయింది. ఇప్పుడు ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

2021లో మొదలైన ఇంటింటి బండ్లను 2025 జూన్ 1 నుంచి ఆపేశారు. ఇప్పుడు నెలలో 1 నుంచి 15వ తేదీ దాకా, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 గంటల వరకు రేషన్ దుకాణంలో ఇస్తారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే తెచ్చి ఇవ్వాలన్నది నిబంధన. తేకపోతే అడగండి, అది దయ కాదు. కూలికి వెళ్లేవాళ్లు సాయంత్రం పూట వెళ్లవచ్చు. దుకాణం ఉదయం మాత్రమే తెరుస్తుంటే అది ఫిర్యాదు చేయదగిన విషయమే.

కొబ్బరి వలిచీ వలిచీ నా వేలిముద్రలు అరిగిపోయాయి. యంత్రం తీసుకోవడం లేదు. బియ్యం పోయినట్టేనా?

పోవు. వేలిముద్ర పడలేదన్న కారణంతో బియ్యం నిరాకరించకూడదు. 2017లో జార్ఖండ్‌లో ఆధార్ ముడిపడక రేషన్ ఆగిన ఇంట్లో ఒక బాలిక చనిపోయిందన్న వార్త దేశాన్ని కుదిపింది. ఆ అక్టోబరులోనే ఆధార్ కారణంగా ఎవరినీ వెనక్కి పంపవద్దని కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలు ఇచ్చింది.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కార్డులో పేరున్న ఎవరి వేలిముద్రతోనైనా మొత్తం కుటుంబం కోటా తీసుకోవచ్చు, ఇంటి పెద్దే రావాలన్న నియమం లేదు. పదో తరగతి చదివే పిల్ల వేసినా చెల్లుతుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అన్ని వేళ్లతో ప్రయత్నించండి. చిటికెన వేలు తరచుగా పనిచేస్తుంది, ఎందుకంటే పనిలో అది తక్కువ అరుగుతుంది. కనుపాపతో గుర్తించే పరికరం ఉందేమో అడగండి. ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్రలు, కనుపాప కొత్తగా నమోదు చేయించుకోండి.

ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకే అసలు కష్టం. వేలు పడక, ఇంట్లో ఇంకొకరు లేక రెండు మూడు నెలలు ఊరుకుంటారు. తర్వాత బియ్యం తీసుకోవడం లేదన్న కారణంతో ఆ కార్డు మీదే అనుమానం వస్తుంది. మీ వీధిలో అలాంటివాళ్లుంటే వాళ్ల తరఫున సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పండి. వాళ్లు రాలేదు కాదు, వచ్చారు, యంత్రం తీసుకోలేదు అన్న మాట కాగితం మీద ఉండాలి.

బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారు. నీళ్లలో తేలుతున్నాయి. తినవచ్చా?

అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కలిపి మళ్లీ గింజ ఆకారంలో అచ్చు వేసినవి. వందకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. 2022 నుంచి దశలవారీగా మొదలుపెట్టి 2024 మార్చి నాటికి రేషన్ బియ్యం అంతటికీ ఈ పద్ధతి తెచ్చారు. రంగు, బరువు కొంచెం తేడాగా ఉండడం వల్ల కడిగేటప్పుడు తేలుతాయి. ఏరి పారేయకండి. వాటిలోని పోషకాలు కొంత నీళ్లలోకి దిగుతాయి కాబట్టి ఎక్కువసార్లు కడగవద్దు, గంజి వార్చి పారబోయవద్దు.

తూకం తక్కువగా అనిపిస్తోంది.

సంచి బరువు తీసేసి, మీ కళ్ల ముందు తూచమనండి. రసీదులో కిలోలు చూడండి. ఇంటికి వెళ్లి చెబితే ఎవరూ నమ్మరు, అక్కడే నిలబడి చెప్పాలి.

కందిపప్పు చాలా నెలలుగా రావడం లేదు. అడిగే హక్కు ఉందా?

చట్టం చెప్పేది బియ్యం, గోధుమలు, చిరుధాన్యాల గురించే. పప్పు, నూనె అందులో లేవు. కందిపప్పును రాయితీ మీద ఇవ్వడం రాష్ట్రం తన ఇష్టంతో చేసే పని. నిల్వ ఉంటే వస్తుంది, టెండరు ఆగితే ఆగుతుంది. కోర్టుకు వెళ్లి ఇప్పించుకునే హక్కు దీనికి లేదు, కానీ సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో రాయండి. వరి పండే మన ప్రాంతంలో బియ్యం ఏదో విధంగా దొరుకుతాయి. పిల్లల ఒంట్లోకి వెళ్లనిది పప్పే. సాయాన్ని పెంచే ఆలోచన ఉంటే ముందు అక్కడ పెంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

రేషన్ బియ్యం తినలేక అమ్ముకుంటున్నాం. అది తప్పా?

చట్టం దృష్టిలో తప్పే. నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు పెట్టవచ్చు, కార్డు రద్దు కావచ్చు. ఇది తెలుసుకునే నిర్ణయించుకోండి.

ఎందుకు అమ్ముతున్నారో కూడా నాకు తెలుసు. మారుటేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ రకం తిని పెరిగిన నోళ్లు మనవి. దొడ్డు బియ్యం, నూక ఎక్కువ ఉన్న బియ్యం పిల్లలు తినరు. ఇంటికి వచ్చి కొనుక్కుపోయే వ్యాపారి ఇచ్చే డబ్బుతో పప్పో, నూనో కొనుక్కుంటారు. ఆ బియ్యం మరకు వెళ్లి మెరుగు పెట్టించుకుని ఎటు పోతాయో 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ మీద రేషన్ బియ్యం దొరికినప్పుడు అందరూ చూశారు. లాభం అక్కడికి పోయింది, నింద మాత్రం కార్డుదారుడి మీద పడింది. "పేదలకు ఈ బియ్యం అక్కర్లేదు, అమ్ముకుంటున్నారు" అన్నదే తర్వాతి కోతకు చెప్పబోయే కారణం. మీ ఇంట్లో కొంత మిగులుతుంటే అమ్మకండి, ఆ నెల కొంతే తీసుకోండి.

బియ్యానికి బదులు డబ్బులు ఇస్తారట, మంచిదేనా?

2022లో మన రాష్ట్రం ఈ ప్రయత్నం మొదలుపెట్టినప్పుడు ప్రయోగానికి అనుకున్న చోట్లలో నర్సాపురం, కాకినాడ కూడా ఉన్నాయి. అది ముందుకు సాగలేదు. నా మటుకు నేను వద్దంటాను. బజారు ధర పెరిగినా కిలో కిలోగానే ఉంటుంది. డబ్బు మొత్తం మాత్రం ఎవరో పెంచితే తప్ప పెరగదు.

## పేరు తెగినప్పుడు

మూడెకరాలు కౌలుకు చేస్తున్నాం, సొంత సెంటు లేదు. అయినా అనర్హులమని కార్డు ఆపేశారు. ఏం చేయాలి?

ముందు కారణం తెలుసుకోవాలి. కుటుంబ నెలసరి ఆదాయం గ్రామంలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు మించకూడదు. దానికి తోడు ఆరు అంచెల పరిశీలనలో కంప్యూటర్ చూసేవి ఇవి: మాగాణి మూడెకరాలు లేదా మెట్ట పదెకరాలు దాటిందా, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారా, ఆదాయపు పన్ను కడుతున్నారా, పట్టణంలో పెద్ద ఇల్లు ఉందా. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. పారిశుద్ధ్య కార్మికుల కుటుంబాలకూ ఉంది.

తప్పు ఎక్కువగా ఆధార్ ముడి దగ్గర జరుగుతుంది. ఇంటి యజమాని మీటరుకు అద్దెకున్నవారి ఆధార్ కలిసి ఉంటుంది. ఎప్పుడో అమ్మేసిన బండి ఇంకా మీ పేరునే ఉంటుంది. చనిపోయిన తాత పొలం మొత్తం ఒక్కరి ఖాతాలో చూపిస్తుంది. సచివాలయంలో "ఏ అంచెలో ఆగింది?" అని అడిగి కాగితం తీసుకోండి. కరెంటు కారణమైతే విద్యుత్ కార్యాలయంలో, బండి అయితే రవాణా కార్యాలయంలో, భూమి అయితే తహసీల్దారు దగ్గర సరిచేయించి, ఆ కాగితంతో మళ్లీ అర్జీ పెట్టండి. కార్డు కోసం నేరుగా తిరగడం కంటే తప్పు పుట్టిన కార్యాలయానికి ముందు వెళ్లడం వల్ల నెలలు కలిసొస్తాయి.

ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు సరిచూడడం) చేయించకపోతే పేరు తీసేస్తారా? పాపకు మూడేళ్లు, నానమ్మకు ఎనభై రెండు.

ఐదేళ్లలోపు పిల్లలకు, ఎనభై దాటినవారికి మన రాష్ట్రంలో మినహాయింపు ఉంది, వాళ్ల గురించి బెంగ వద్దు. మిగతావారు దుకాణంలోని ఈపోస్ యంత్రం దగ్గరే వేలిముద్ర వేసి పూర్తిచేయవచ్చు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. పాపకు ఐదు నిండగానే ఆధార్‌లో వేలిముద్రలు చేర్పించి, ఈకేవైసీ చేయించడం మరవకండి. చాలా ఇళ్లలో పేరు తెగేది అక్కడే.

ఆరు నెలలు ఇటుక బట్టీ పనికి వేరే ఊరు వెళ్తాం. ఇక్కడ కోటా పోతుందా?

కార్డు మోసుకెళ్లండి, బియ్యం అక్కడే తీసుకోవచ్చు. రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా ఇస్తారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో వేరే రాష్ట్రంలోనూ తీసుకోవచ్చు. ఆంధ్ర, తెలంగాణ మధ్య ఇది 2019 ఆగస్టులోనే మొదలైంది. బయటి రాష్ట్రంలో మీకు వచ్చేది కేంద్ర చట్టం ప్రకారం రావలసిన ఐదు కిలోలు మాత్రమే, ఆ రాష్ట్రం సొంతంగా కలిపేది రాదు. మీ కార్డు రాష్ట్ర ఖాతాలోదైతే బయటి రాష్ట్రంలో పనిచేయదు. ఇంట్లో సగం మంది ఇక్కడే ఉంటే ఎవరి వాటా వాళ్లు వేర్వేరు చోట్ల తీసుకోవచ్చు.

కార్డు ఎవరి పేరు మీద ఉండాలి?

ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దావిడ పేరు మీద. చట్టం పదమూడో సెక్షన్ ఆమెనే కుటుంబ పెద్దగా చెబుతోంది.

## బడి, అంగన్‌వాడీ, క్యాంటీన్

బడిలో సాంబారు నీళ్లలా ఉంటోందని పిల్లలు అంటున్నారు. వంటామె తప్పా, ప్రభుత్వం డబ్బు తగ్గించిందా?

వంటామెను నిందించే ముందు ఆమె చేతికి వచ్చే డబ్బు చూడండి. పప్పు, కూరగాయలు, నూనె, వంటచెరుకు అన్నిటికీ కలిపి కేంద్రం నిర్ణయించిన ఖర్చు 2025 మే నుంచి ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు 6.78 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 10.17 రూపాయలు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. గుడ్డు వంటివి రాష్ట్రం అదనంగా ఇస్తోంది. వంటవాళ్లకు కేంద్రం లెక్కలో నెలకు వెయ్యి రూపాయలని 2009లో నిర్ణయించారు, ఆ అంకె ఏళ్ల తరబడి కదల్లేదు. మన రాష్ట్రం పైన కలిపి మూడు వేలు ఇస్తోంది. ధరలు పెరుగుతుంటే అంకె కదలకపోవడం కూడా కోతే. బిల్లులు ఆలస్యమైతే ఆమె కిరాణా కొట్టులో అప్పు పెట్టి వండుతుంది, అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఉండదు.

మన రాష్ట్రంలో ఈ పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరుంది. మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన ఆమె మన నేల మనిషి. ఆ పేరు పెట్టుకున్న భోజనంలో పప్పు చిక్కగా ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లిదండ్రులుగా మీకు చోటుంది. సమావేశానికి వెళ్లి బిల్లులు ఎన్ని నెలలు ఆగాయో అడగండి.

అంగన్‌వాడీలకు నిధులు తగ్గించారన్నది నిజమా?

2015-16 బడ్జెట్‌లో కేంద్రం ఈ పథకం కేటాయింపును అంతకు ముందరి దానిలో సగానికి కిందకు దించింది. రాష్ట్రాలకు పన్నుల్లో వాటా పెంచాం కాబట్టి మీరే భరించండి అన్నారు. నిరసనలు వచ్చాక కొంత తిరిగి పెంచారు. నిర్వహణ ఖర్చులో రాష్ట్రం వాటా అప్పటి నుంచి 40 శాతమైంది, ఆహారంలో సగం సగం. 2017లో పిల్లకు రోజుకు 8 రూపాయలు, గర్భిణులు, బాలింతలకు 9.50, తీవ్రంగా బక్కచిక్కిన పిల్లకు 12 అని లెక్కగట్టి, ఏళ్ల తరబడి దాన్నే నడిపారు. మీ కేంద్రంలో గుడ్లు, పాలు, బాలామృతం రాకపోతే కార్యకర్తతో గొడవ వద్దు. సరుకు ఏ తేదీ నుంచి రాలేదో ఆమెనే అడిగి రాసుకుని శిశు అభివృద్ధి పథకం అధికారికి (సీడీపీవో) అర్జీ ఇవ్వండి.

గర్భిణికి ఆరు వేలు రావాలట, మా కోడలికి ఐదు వేలే వస్తాయంటున్నారు.

చట్టం నాలుగో సెక్షన్ ఆరు వేలకు తగ్గకూడదంటోంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం మొదటి కాన్పుకు ఐదు వేలే ఇచ్చింది. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు చేర్చారు. చట్టంలో ఉన్నదాన్ని పథకంలో తగ్గించడం ఇదే. ముందు వచ్చే ఐదు వేలకు దరఖాస్తు ఆలస్యం చేయకండి.

అన్న క్యాంటీన్ మళ్లీ మూసేస్తారా?

2018 జులైలో తెరిచారు, 2019లో ప్రభుత్వం మారాక మూశారు, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరిచారు. ఐదు రూపాయలకు భోజనం పెట్టే ఈ పథకానికి చట్టం లేదు, ఆ ఏటి బడ్జెట్టే దిక్కు. ఆసుపత్రికి వచ్చినవాళ్లు, అడ్డా కూలీలు ఏ పార్టీవాళ్లు తెరిచారని చూసి తినరు. దీన్ని చట్టంతో నిలబెట్టాలని అడగవలసింది ఇప్పుడు, తెరిచి ఉన్న రోజుల్లోనే.

## వరద వచ్చినప్పుడు, అర్జీ పెట్టేటప్పుడు

గోదావరి లంకలో ఉంటాం. వరదకు కార్డు, బియ్యం రెండూ పోయాయి. ఆ నెల కోటా మళ్లీ ఇస్తారా?

కార్డు పోయినా మీ వివరాలు యంత్రంలో ఉంటాయి. ఆధార్ సంఖ్యతో, వేలిముద్రతో తీసుకోవచ్చు. తీసుకెళ్లిన బియ్యం తడిసిపోతే ఆ కోటా మళ్లీ రాదు. వరద సాయం వేరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి గోదావరి పోటెత్తినప్పుడు ఇంటికి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లి, బంగాళాదుంప, రెండు వేల రూపాయలు ప్రకటించారు. అలాంటిది ప్రకటించినప్పుడు రేషన్ తీసుకున్నారు కదా అని మీ పేరు తప్పిస్తే ఒప్పుకోకండి. గట్టు మీదికి వచ్చేసినవాళ్లు ఏ ఊరి జాబితాలోనూ లేకుండా పోతారు కాబట్టి, ఎక్కడ తలదాచుకున్నారో అక్కడి గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) దగ్గర పేరు రాయించండి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

తూకం, దుకాణం వేళలు, డీలరు ప్రవర్తన అయితే 1967 నంబరుకు ఫోను చేయండి, తహసీల్దారుకు కాగితం ఇవ్వండి. పేరు తెగితే, కార్డు ఆగితే సచివాలయం, ఆ తర్వాత ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఆహార భద్రత చట్టం ప్రకారం ప్రతి జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రానికి ఒక ఆహార కమిషన్ ఉండాలి. జిల్లాలో న్యాయం జరగకపోతే కమిషన్‌కు రాయవచ్చు. బియ్యం, బడి భోజనం, అంగన్‌వాడీ మూడూ దాని పరిధిలోవే. కేంద్ర పరిధి కార్డుకు రావలసిన బియ్యం ఇవ్వలేకపోతే బదులుగా ఆహార భద్రత భత్యం చెల్లించాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. అర్జీలో ఆ సెక్షన్ పేరు రాయండి. చదివే అధికారి తీరు మారడం నేను చూశాను.

అర్జీ పెడితే డీలరుకు కోపం వచ్చి ఉన్న కార్డు కూడా తీయించేస్తాడేమో?

ఈ భయం వల్లే ఎన్నో అర్జీలు సంచిలోనే ఉండిపోతున్నాయి. డీలరుకు కార్డు తీసే అధికారం లేదు. అది రెవెన్యూ, పౌరసరఫరాల అధికారుల చేతిలో ఉంటుంది, వాళ్లు కూడా విచారణ లేకుండా తీయకూడదు. ఒక్కరే వెళ్లడానికి జంకితే అదే ఇబ్బంది ఉన్న నలుగురు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు చేయండి. అర్జీలో కోపం రాయవద్దు. ఏ నెల, ఏ తేదీ, ఎన్ని కిలోలు రావాలి, ఎన్ని వచ్చాయి అన్నవి రాయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒక దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆ ప్రతిని బియ్యం డబ్బాలో కాకుండా, వరదకు తడవని చోట, పిల్లల ఆధార్ కాగితాలతో కలిపి పెట్టండి.